అర్థం కాకూడని నాలుగు మాటలు

శుభవార్త వచ్చేసరికి సుభాషిణి రెండు చేతులకూ ఇడ్లీపిండి ఉంది. ఫోను మోగుతూంటే అచ్యుత్ దాన్ని తీసి ఆమె చెవికి ఆనించి పట్టుకు నిలబడ్డాడు. పెళ్లయి ఇరవై మూడు రోజులే కాబట్టి ఇలాంటి పనులకు విసుక్కోవాలని అతనికింకా తట్టలేదు.

“అమ్మా, విద్యాశాఖ సూపరింటెండెంటునండి. మీ ‘పలక’కి ఆమోదం వచ్చిందమ్మా. అరవై స్కూళ్లు. పుస్తకం శనివారం ప్రెస్సుకెళ్తుంది.”

సుభాషిణి కెవ్వుమంది. కింది వాటాలో ఇంటివారి కుక్క కూడా సంతోషించింది. ఏం చెయ్యాలో తెలియక ఆమె అచ్యుత్ ముక్కు మీద పిండితో బొట్టు పెట్టేసింది. అతను అది తుడుచుకోకుండా అలాగే ఫోను పట్టుకున్నాడు.

‘పలక’ అంటే పిల్లలు తెలుగులో ప్రోగ్రాములు రాసుకోవడానికి ఆమె తయారుచేసిన కంప్యూటరు భాష. ఇంజినీరింగ్ అయ్యాక రెండేళ్లపాటు ఇంకో పని పెట్టుకోకుండా చేసింది. ‘చూపించు’, ‘మళ్లీ చెయ్యి’, ‘ఇక చాలు’ లాంటి మాటలతో అది నడుస్తుంది. కొండ దిగువనున్న ఆడపిల్లల గురుకులంలో ఎనిమిదో తరగతివాళ్లు ముప్పై ఎనిమిది మంది దాంతో ఇప్పటికే ఆడుకుంటున్నారు. హాస్టల్లో ఏ రోజు ఏ కూరో చెప్పే ప్రోగ్రాము వాళ్లే రాశారు. గురువారం అని కొడితే ‘మళ్లీ సొరకాయే’ అని తెర మీద వస్తుంది.

“ఒక్క చిన్న విషయం ఉందమ్మా,” అన్నాడు సూపరింటెండెంటు. సర్కారు ఫోనులో చిన్న విషయం ఎప్పుడూ చివర్నే వస్తుంది. “ఐదో పాఠంలో నాలుగు మాటలున్నాయి కదా. వాటికి పరిభాషా మండలి ముద్ర కావాలి. శుక్రవారం సాయంత్రం ఐదు గంటల్లోగా. లేకపోతే పుస్తకం వచ్చే ఏడాదికి పోతుందండి.”

వచ్చే ఏడాదికి గురుకులం పిల్లలు తొమ్మిదికి వెళ్లిపోతారు. పథకం ఎనిమిదో తరగతికి మాత్రమే. పాఠం లేని కంప్యూటరు గదిలో బియ్యం బస్తాలు పెట్టుకుందామని వార్డెను ఇప్పటికే కొలతలు తీసుకుంది.

“నాలుగు మాటలేగా!” అంది సుభాషిణి. “ఇవాళ బుధవారమేగా!”

“ఏంటా నాలుగు?” అన్నాడు అచ్యుత్. అతను పోస్టాఫీసులో పనిచేస్తాడు. కంప్యూటరంటే అతనికి ‘సర్వరు డౌను’ అన్న బోర్డు ఒక్కటే బాగా తెలుసు.

ఆమె ఇడ్లీరేకు ఎత్తి చూపించింది. “ఒకే రకం వస్తువులు బోలెడు ఉన్నాయనుకో. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టకుండా అన్నిటినీ పక్కపక్కనే పెట్టేసి మొత్తానికి ఒకే పేరు పెడతాం. అది వరుస. అందులో ఒక్కొక్క చోటు గడి. ఎన్నో గడి అని చెప్పేది గడి సంఖ్య. మొత్తం ఎన్ని గడులో అది పొడవు.”

“మా ఉత్తరాల అరల బీరువా!”

“అదే!”

“ఇంతేనా? ఇది మా పోస్టుమాస్టరుకి కూడా అర్థమవుతుందే.”

ఆ మాటకు ఇద్దరూ తెగ నవ్వుకున్నారు. అందులో నవ్వుకోవలసింది ఏమీ లేదని సుభాషిణికి పదకొండు గంటలకు తెలిసింది.

*

రాష్ట్ర యంత్రభాషా పరిభాషా నిర్ణయ మండలి, ఉత్తర విభాగం, విజయనగరంలో ఒక పాత బంగళాలో ఉంది. మండలి పేరు బోర్డు గోడ కంటే పొడుగైపోవడంతో మూల తిప్పి సందులోకి కొనసాగించారు. అందుకని వీధిలో వెళ్లేవాళ్లు ఒక ఆఫీసనీ, సందులో ఉన్నవాళ్లు మరో ఆఫీసనీ అనుకుంటారు. రెండిట్లోకీ ఎవరూ రారు.

పొడుగాటి బల్ల చివర అధ్యక్షులు పరాంకుశం గారు కూర్చున్నారు. ఆయన పక్కన కార్యదర్శి త్రివిక్రమరావు గారు, ఆ పక్కన సభ్యురాలు కనకవల్లి గారు. సుభాషిణి నాలుగో కుర్చీ అంచు మీద కూర్చుని తన కాగితం బల్ల మీద పెట్టింది.

పరాంకుశం గారు దాన్ని కళ్లద్దాల పైనుంచి చూశారు, కళ్లద్దాల్లోంచి చూశారు, పక్కకు జరిపారు.

“అమ్మాయీ, మండలి ఆవిర్భవించి పదకొండు సంవత్సరములైనది. వేయిన్నూట నలుబది పదములను సృజించితిమి. వానిలో ఒక్కటియైనను నేటివరకు జనుల నోటికి చేరలేదు. అంతటి స్వచ్ఛతను కాపాడుకొని వచ్చుచున్నాము.”

“చాలా కష్టపడ్డారండి,” అంది సుభాషిణి.

“కష్టమే. త్రివిక్రమరావు గారూ, నియమము పదునేడు.”

కార్యదర్శి లేచి నిలబడి చదివారు. “శిక్షణ పొందని సామాన్యునికి అర్థమగు పదము సాంకేతిక పదము కాజాలదు.”

“కానీ సార్, అర్థం కావడానికేగా మాట?”

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. ఈ ప్రశ్న ఆయనను ఇంతకుముందు ఇద్దరు అడిగారు. ఇద్దరూ తరవాత మరో ఊరికి బదిలీ చేయించుకున్నారు. “అర్థమగు పదము ప్రజల యొద్ద ఇదివరకే యున్నది గదా. ఉన్నదానిని వారికే మరల ఇచ్చుటకు ఒక మండలి ఏల?”

సుభాషిణి ఆ వాక్యాన్ని మనసులో అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. ఎక్కడా కన్నం దొరకలేదు.

“సామాన్యుని ప్రవేశపెట్టుడు,” అన్నారు అధ్యక్షులు.

తలుపు దగ్గర ఆఫీసు బంట్రోతు పైడయ్య ఉన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసు. ఆయన ఖాకీ చొక్కా మీద అడ్డంగా వేసుకున్న బిళ్ల డవాలు విప్పి కొక్కేనికి తగిలించి, పక్క మేకుకున్న ఎర్ర తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. డవాలుతో ఉన్నంతసేపూ ఆయన ఉద్యోగి. తువ్వాలు వేసుకుంటే సామాన్యుడు. పదకొండేళ్ల కిందట దీనికి ఉత్తర్వు కూడా వచ్చింది. ‘ప్రామాణిక సామాన్యుడు, ఒక పోస్టు’ అని.

“పదము: వరుస. అర్థమైనదా?” అన్నారు కార్యదర్శి.

“అయిందండి బాబూ. రేషను డిపో కాడ నిలబడతారు కదా, ఒకలెనకాల ఒకలు. అదీ.”

“తిరస్కృతి. పదము: గడి.”

“అష్టాచెమ్మా ఆడతారు కదండి? ముగ్గుతో గీస్తే గడులు గడులుగా వస్తాది. మా మనవరాలు తొండాట ఆడతాదండి.”

“తొండాట ప్రస్తావన మినిట్సులో వలదు. తిరస్కృతి. పదము: పొడవు.”

పైడయ్య రెండు చేతులూ చాచి చూపించాడు. ‘గడి సంఖ్య’ని చదవనైనా చదవలేదు. గడి పడిపోయాక దాని సంఖ్య ఎక్కడ నిలబడుతుందని కనకవల్లి గారు అన్నారు. నాలుగు నిమిషాల్లో సుభాషిణి రెండేళ్ల పని ముగిసింది.

“ఇంకొక విడ్డూరము,” అన్నారు పరాంకుశం గారు కాగితం చూస్తూ. “గడుల లెక్క సున్నాతో మొదలగునని వ్రాసినారు. ప్రథమ స్థానమునకు సున్నాయా? ఈ బల్ల వద్ద ప్రథమ స్థానము ఎవ్వరిది?”

అందరూ ఆయనకేసి చూసి, వెంటనే కిటికీకేసి చూశారు.

ఇంతలో టీ వేళయింది. పైడయ్య తువ్వాలు తీసి, డవాలు వేసుకుని, ఆరు గ్లాసులు పట్టే ఇనుప స్టాండుతో వచ్చాడు. మాట విన్నాడు కాబోలు, అధ్యక్షుల కుర్చీ పక్కనే ఆగిపోయాడు.

“తవరు కోపం తెచ్చుకోకపోతే ఒక మాటండి. నానిక్కడ నిలబడున్నాను కదా. తవరికి టీ ఇవ్వాలంటే ఎన్నడుగులెయ్యాల? ఒక్కటీ అక్కర్లేదు. సున్నా. సెకట్రీ బాబుకైతే ఒకడుగు. అమ్మగారికి రెండు. ఈ పాపకి మూడు. మరందరికంటే పెద్దోరికే కదండి సున్నా?”

సుభాషిణికి లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. కాలేజీలో ఆమెకు ఇది అర్థం కావడానికి ఒక సెమిస్టరు పట్టింది.

పరాంకుశం గారి మొహం విప్పారింది. “అనగా సున్నా యనునది సామీప్య గౌరవ సూచకము. సున్నా అంగీకరింపబడినది.” అప్పుడే ఆయన కనుబొమలు కలిశాయి. “త్రివిక్రమరావు గారూ, ఇతనికి ఇంత తెలియుట మంచిదేనా?”

కానీ డవాలు వేసుకుని ఉన్నాడు కాబట్టి అది లెక్కలోకి రాదన్నారు.

మధ్యాహ్నం మూడింటి దాకా మండలి పదసృష్టి చేసింది. వరుసకు ‘సజాతీయాంశ సంహతి’. గడికి ‘సంహత్యంశకము’. గడి సంఖ్యకు ‘అంశకస్థాన నిర్దేశాంకము’. పొడవుకు ‘సంహతి పరిమాణ ప్రమాణము’. చివరిదాన్ని పలికేటప్పుడు కార్యదర్శి మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకున్నారు.

తువ్వాలుతో ఉన్న పైడయ్య నాలుగూ విన్నాడు. “అర్థం కాలేదండి. ఎవులికైనా ఒంట్లో బాగోలేదేటి?”

మండలి హర్షధ్వానాలు చేసింది.

“ఇది తొలి ఆమోదము,” అన్నారు కార్యదర్శి. “మరుసటి సమావేశమందును సామాన్యునికి అర్థము కానిచో పదము స్థిరపడును.”

*

పైడయ్య గేటు దాకా వచ్చి సుభాషిణిని ఆపాడు. “పాపా, ఆ సజాతీయం అంటే ఏటమ్మా? పొద్దున్నుంచి బుర్రలో ఈగ దూరినట్టుంది.”

సుభాషిణికి చెడ్డ బుద్ధేమీ లేదు. అడిగినవాళ్లకు చెప్పకుండా ఉండలేకపోవడం ఆమె పుట్టుకతో వచ్చిన జబ్బు. “మీ టీ స్టాండే తాతా. ఆరు గ్లాసులు పట్టే ఆ స్టాండు మొత్తం సజాతీయాంశ సంహతి. ఒక్కో గ్లాసు పట్టే చోటు సంహత్యంశకం. ఎన్నో చోటో చెప్పేది నిర్దేశాంకం, మొత్తం ఎన్నో చెప్పేది ప్రమాణం.”

“ఓస్! దీనికా అంత నీలుగుడు?”

ఇంట్లో ఆ సాయంత్రం సుభాషిణి హాస్టలు కూరల ప్రోగ్రాములో పాత మాటలు తీసేసి కొత్తవి పెట్టి చూసింది. నాలుగు వరుసల్లో పట్టింది కాస్తా తెర దాటిపోయింది. ఒక్క అక్షరం తప్పు కొడితే కంప్యూటరు ఒప్పుకోదు. గురువారం సొరకాయ అని తెలుసుకునేసరికి శుక్రవారం వచ్చేస్తుంది.

“పుస్తకం రాకపోయినా కష్టమే, ఈ మాటలతో వచ్చినా కష్టమే,” అంది గడ్డం కింద చేతులు పెట్టుకుని. “ఆ పిల్లలు కష్టమనుకుని వదిలేస్తారు అచ్యుత్. తమకే బుర్ర లేదనుకుంటారు. అదే నాకు బాధ.”

అచ్యుత్ వంకాయ కూర ఆమె కంచంలో వేసి, “సంహతిలో ఆఖరి అంశకం నీకే,” అన్నాడు. ఆమె నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించింది.

*

గురువారం పదిన్నరకు సమావేశం. కార్యదర్శి గొంతు సవరించుకుని, “పదము: సజాతీయాంశ సంహతి. అర్థమైనదా?” అన్నారు, కాలేదన్న జవాబు ముందే రాసుకుంటూ.

“అయిందండి.”

కలం ఆగింది.

“నా టీ స్టాండు కదండి బాబూ. అందులో సంహత్యంశకాలు ఆరున్నాయి. పెద్దయ్యగారిది సున్నా నిర్దేశాంకం. ప్రమాణం ఆరు. మొన్న ఒకటి ఒంగిపోయింది కాబట్టి పనికొచ్చేవి ఐదే అనుకోండి.”

పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. పదకొండేళ్లలో మండలి పదం జనం నోటికి చేరడం ఇదే మొదటిసారి. ఆ చేరడం కూడా స్పష్టంగా, ఉదాహరణతో సహా చేరింది.

“తిరస్కృతి,” అన్నారు నీరసంగా. “మరల సృజింతము.”

మళ్లీ సృజించారు. ‘ఏకగుణ పంక్తిపుంజము’ అన్నారు. కానీ ఒక పదం పుట్టడానికి గంట చర్చ కావాలి. గంట చర్చకు రెండుసార్లు టీ కావాలి. టీ తెచ్చిన పైడయ్య ఆ గంటలో సగం విననే వింటాడు. పదం తయారై, ఆయన డవాలు విప్పి తువ్వాలు వేసుకునే లోపల ఆయనకు అర్థమైపోయేది. ‘పంక్తిపుంజము’ పన్నెండుకి పడిపోయింది. ‘సమరూప స్థానశ్రేఢి’ భోజనాల ముందు పడింది. ‘తుల్యకోష్ఠ నిబద్ధిక’ అనేదాన్ని కనకవల్లి గారు ఎంతో ఆశతో తెచ్చారు. పైడయ్య విని, “స్టాండేనండి. పేరు మార్చినారు,” అన్నాడు.

నాలుగింటికి పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“సామాన్యుడు చెడిపోయినాడు.”

“కొత్త సామాన్యుని నియమించవలెనన్న ప్రకటన, దరఖాస్తులు, ఇంటర్వ్యూ, మొత్తం తొంబది దినములు,” అన్నారు కార్యదర్శి. “అందును అభ్యర్థికి ఏమియు తెలియదని ధ్రువపత్రము తేవలెను. అది ఇచ్చు అధికారి ఎవరో నేటికిని తేలలేదు.”

“మరి మా గడువు రేపు సాయంత్రం ఐదింటికండి,” అంది సుభాషిణి.

కార్యదర్శి చాలాసేపు ఆలోచించి ఒక తీర్మానం రాశారు. సామాన్యత్వ పరిరక్షణార్థము సామాన్యుని చెవులలో దూది పెట్టవలెను. సమావేశము మొదలు పరీక్ష ముగియువరకు తీయరాదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పైడయ్య టీ ఇస్తూ పక్కనే ఉన్నాడు గనక విని, “అలాగేనండి,” అన్నాడు.

ఆ సాయంత్రం గేటు దగ్గర సుభాషిణి గొంతు తగ్గించి అడిగింది. “తాతా, రేపు ఒక్కసారికి నా మాటలు మళ్లీ చదివిస్తాను. అర్థం కాలేదని అనేద్దురూ? ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలు తాతా.”

పైడయ్య డవాలు బిళ్ల తువ్వాలుతో తుడిచాడు. “నౌకరీకొచ్చి ముప్పయ్యేళ్లయిందమ్మా. అర్థమైంది కాలేదనీ సెప్పలేదు, కానిది అయిందనీ సెప్పలేదు. తెలీనిది తెలుసనేస్తే నౌకరీలో ఇంకో మెట్టెక్కుదువురా అన్నారొకప్పుడు. ఎక్కలేదు. ఇప్పుడు నీ కోసం అబద్ధమాడితే నన్ను తాతా అని పిలుస్తావేటి?”

సుభాషిణికి సిగ్గేసింది. “పిలుస్తాను గానీ, అలా అడిగినందుకు మీరు పలకద్దు,” అంది. ఆయన పెద్దగా నవ్వాడు.

*

శుక్రవారం పొద్దున అచ్యుత్ ఆమెను స్కూటరు మీద దింపి, “సాయంత్రం నాలుగింటికి పర్మిషన్ పెట్టాను. ఇక్కడే ఉంటా. ముద్ర పడితే విద్యాశాఖకి ఆరు నిమిషాల్లో,” అన్నాడు.

“పడకపోతే?”

“పడకపోతే నిమ్మకాయ సోడాకి రెండు నిమిషాల్లో.”

గదిలో పైడయ్య రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని, దాని మీద ఎర్ర తువ్వాలు తలపాగాలా బిగించి కూర్చున్నాడు. పరీక్ష జరిగినంతసేపూ కార్యదర్శి మొహం కనిపించకుండా పైడయ్య గోడవైపు తిరిగి ఉండాలన్నది అదనపు జాగ్రత్త. పదం పలకడం కాగానే కనకవల్లి గారు భుజం తట్టాలి. అప్పుడాయన జవాబు చెప్పాలి.

కనకవల్లి గారికి ఒక అనుమానం వచ్చింది. ఆవిడ స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా చేసి వచ్చారు. “పద్ధతి సక్రమమో కాదో ముందు చూడవలదా? ఎల్లరికిని తెలిసిన మాట నొకదానిని చదివి చూతము.”

“యుక్తము,” అన్నారు పరాంకుశం గారు. “ఏ మాట?”

కార్యదర్శి చుట్టూ చూశారు. అందుబాటులో ఉన్నదాన్ని అందుకున్నారు. “పదము: కుర్చీ. అర్థమైనదా?”

కనకవల్లి గారు భుజం తట్టారు.

“ఏటన్నారో నాకేటీ తెలీలేదండి,” అన్నాడు పైడయ్య గోడతో, గదంతా దద్దరిల్లేలాగ. “అర్థం కాలేదు!”

కార్యదర్శి చెయ్యి అలవాటు కొద్దీ మినిట్సు పుస్తకంలో కదిలింది. ‘కుర్చీ: సామాన్యునికి అర్థము కాలేదు. తొలి ఆమోదము.’

“రాసితిరా?” అన్నారు అధ్యక్షులు.

“రాసితిని.”

“కొట్టివేయవచ్చునా?”

“మినిట్సులో కొట్టివేత నిషిద్ధము. నియమము తొమ్మిది.”

సుభాషిణి ఒక్కసారిగా లేచి నిలబడింది. ఇడ్లీ బాగా పొంగినప్పుడు కూడా ఆమె ఇలాగే లేచి నిలబడుతుంది.

“సార్! తిరస్కరించిన పదాలకు పునఃపరీక్ష అడగవచ్చునని నియమాల పుస్తకంలో ఇరవై రెండో నియమం ఉందండి. నిన్న చదివాను. ఈ రోజు సృజనకు ముందు నా నాలుగూ మళ్లీ చదివించండి.”

పరాంకుశం గారు ముఖం చిట్లించారు. కానీ నియమం అంటే ఆయనకు ప్రాణం. తన మీద కేసు వేసినా నియమం ప్రకారం వేస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టే మనిషి.

“పదము: వరుస.”

భుజం తట్టడం. “అర్థం కాలేదండి!”

“పదము: గడి.”

“అర్థం కాలేదండి!”

“గడి సంఖ్య. పొడవు.” అధ్యక్షులు ప్రతి జవాబుకూ కాస్త కాస్త తల ఊపారు. నాలుగోదానికి ఆయన కళ్లలో నిజమైన ఆనందమే మెరిసింది. “చూచితిరా! ఎంతటి లోతైన పదములు! మొదటి దినమున మనము గ్రహింపలేకపోయితిమి.”

మధ్యాహ్నం రెండున్నరకు రెండో సమావేశం. దూది అదే, గోడ అదే, జవాబులు అవే. నాలుగు పదాలతోపాటు కుర్చీ కూడా మళ్లీ పరీక్షకు వచ్చింది. ఒకసారి తొలి ఆమోదం పొందినదాన్ని రెండో పరీక్షకు పెట్టక తప్పదు, నియమం పన్నెండు. కుర్చీ కూడా గట్టెక్కింది. నాలుగున్నరకు ముద్ర పడింది. ముద్ర కాస్త వంకరగా పడింది గానీ సుభాషిణికి అది ఎంతో అందంగా కనిపించింది.

పైడయ్య చెవుల్లోంచి దూది తీసుకుని, “ఏమైందమ్మా?” అన్నాడు.

“నెగ్గాయి తాతా!”

“నానేటన్నాను?”

“ఉన్నమాటే అన్నారు. వినపడలేదు గనక అర్థం కాలేదన్నారు.”

“అదీ మరి,” అన్నాడు పైడయ్య తృప్తిగా. “నిజమే సెప్పినాను.”

ఆమె కాగితం గుండెకు హత్తుకుని లేవబోతూంటే పరాంకుశం గారు చెయ్యెత్తి ఆపారు. “క్షణము. త్రివిక్రమరావు గారూ, సాంకేతిక పదము స్థిరపడిన పిదప నియమము పదునెనిమిది వర్తించును గదా?”

కార్యదర్శి చదవడం మొదలుపెట్టి సగంలో గొంతు తగ్గించారు. “సాంకేతిక పదముచే సూచింపబడు వస్తువును... శిక్షణ పొందనివారు... వినియోగింపరాదు.”

పరాంకుశం గారు తన కింద ఉన్నదాని వైపు మెల్లగా చూసుకున్నారు. తరవాత మెల్లగా లేచారు. ఆయన లేచారు గనక కార్యదర్శి లేచారు. కనకవల్లి గారు చేతిసంచీ పట్టుకుని లేచారు. పదకొండేళ్లుగా ఎవరో ఒకరు కూర్చుని ఉన్న ఆ గదిలో మొదటిసారి కుర్చీలన్నీ ఖాళీగా కనిపించాయి.

“శిక్షణ ఇవ్వగలవారు ఎవరు?” అన్నారు కనకవల్లి గారు.

అందరూ ఆలోచించారు. అధ్యక్షులే తేల్చారు. “పదకొండు సంవత్సరములుగా ప్రతి దినము ఈ ఆసనములను తుడుచుచు, దగ్గరనుండి పరిశీలించిన అనుభవము ఒక్కరికే యున్నది. పైడయ్యా, డవాలు వేసుకొనుము. తువ్వాలుతో నేర్చినచో సామాన్యత్వము మరల చెడును.”

“నానా బాబూ? నానెప్పుడూ స్టూలు మీదే కదండి కూకున్నాను.”

“స్టూలు సాంకేతిక పదము కాదు. భయపడకుము.” పరాంకుశం గారు నిలబడే మినిట్సు పుస్తకంలో రాయించారు. “రేపు ఉదయము పది గంటలకు శిక్షణ శిబిరము. శిక్షకుడు పైడయ్య గారు. ఎల్లరును హాజరు కావలెను. అంతవరకు ఎవ్వరును కూర్చుండరాదు.”

‘పైడయ్య గారు’ అన్నారు. పైడయ్య డవాలు బిళ్ల సరిచేసుకోవడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

*

విద్యాశాఖకు ఏడు నిమిషాలు పట్టింది. దారిలో గేదెలు అడ్డొచ్చాయి. ఐదుకు తక్కువ ఎనిమిది నిమిషాలప్పుడు సూపరింటెండెంటు కాగితం అందుకుని, చదివి, “వరుస, గడి, గడి సంఖ్య, పొడవు... ఇవి మామూలు మాటలేనే!” అన్నాడు.

“కాదండి,” అంది సుభాషిణి. “రెండు సమావేశాల్లో ఎవరికీ అర్థం కాలేదు. రాతలో ఉంది.”

నిమ్మకాయ సోడా కూడా తాగారు, ఎలాగూ దారిలోనే ఉందని.

ఇంటికొచ్చాక అచ్యుత్ చెప్పులు విడిచి, అలసటగా కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు. వీళ్లింట్లో ఉన్న కుర్చీ అదొక్కటే. పెళ్లికి అతని చిన్నాన్న ఇచ్చింది.

“లే, లే!” అంది సుభాషిణి. “దాని మీద కూర్చోవడానికి నీకింకా శిక్షణ కాలేదు.”

“మరెలా?”

“నేల మీద కూర్చో. నేల ఇంకా మండలికి వెళ్లలేదు.”

ఇద్దరూ నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. కిటికీ రెక్క గాలికి టపటపమంది. పెళ్లైనప్పట్నుంచీ బిగించాలనుకుంటూనే, ఆ చప్పుడు నచ్చి ఇద్దరూ కావాలనే బిగించడం లేదు.

సుభాషిణి ఒకసారి లెక్క వేసుకుని చెప్పింది. “రేపు నువ్వు సెలవు పెట్టు. ఆరు గంటల బస్సుకి గురుకులానికి వెళ్తున్నాం. వార్డెను బస్తాలు దింపకముందే గది చేతిలో పెట్టుకోవాలి. ఇడ్లీరేకులు నాలుగూ నువ్వు మొయ్యి, పిండి నేను తెస్తా. ముప్పై ఎనిమిది మందికీ పాఠం అయ్యాకే ఇడ్లీ. సున్నా గడిలోది మాత్రం తీసి పక్కన పెట్టాలి.”

“ఎవరికి?”

“పైడయ్య తాతకి. పదింటికి శిబిరం కదా, తిరుగు బస్సులో వచ్చేసరికి ఆయన వాళ్లందరినీ కూర్చోబెట్టేసి ఉంటాడు.”